నేనన్న 'కానియ్యుండ్రి'

మా వైపు ఆడవాళ్ళం పెద్దవాళ్ళ ముందు 'వద్దు' అని సూటిగా అనం. అనకూడదని ఎవరూ నేర్పలేదు, కానీ నోరు రాదు. అత్త ఇంట్లో ఉన్న ఒక్క బర్రెనూ అమ్మేస్తానంటే 'కానియ్యి అత్తా' అంటాం. మొగుడు ఎవరి మాటో విని పొలం కౌలుకిస్తానంటే 'కానియ్యి, నీదే రాజ్యం' అంటాం. అది ఒప్పుకోవడం కాదని విన్నవాళ్ళకు తెలుస్తుంది. 'కా' అన్న అక్షరాన్ని ఎంత సాగదీస్తే కడుపులో మంట అంత ఉన్నట్టు. నేను ఆ మాటన్నందుకు మా అత్త ఒకసారి పండుగ దాటేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ మాటే నేను సభలో అన్నాను.

మా ఊరు కోదాడ దాటి లోపలికి, సున్నపురాయి నేలల్లో ఉంటుంది. ఊరి పక్కనే సిమెంటు ఫ్యాక్టరీ. తనకు కావలసిన కరెంటును బొగ్గు కాల్చి అదే తయారుచేసుకుంటుంది. అందుకు ఒక పొగగొట్టం ఉంది. రెండోది కడతామని, ఊరివాళ్ళు అభిప్రాయం చెప్పాలని బడి ముందు షామియానా వేశారు. ఒక అధికారి మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఎక్కడో దేశాల మధ్య యుద్ధం జరుగుతోందని, ఓడలు కదలడం లేదని, బయటి నుంచి వచ్చే బొగ్గుకూ గ్యాసుకూ ధరలు మండిపోతున్నాయని, ఇలాంటి సమయంలో మన కరెంటు మనం చేసుకోవడం దేశసేవ అని చెప్పాడు.

నా పక్కన కూర్చున్నామె నా చెవిలో అన్నది: "అయితె మన బియ్యంల పడుతున్న బూడిద గుడ దేశసేవనేనా వదినె?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసే కాబోలు, ఆడవాళ్ళలో ఒకరు మాట్లాడాలంటూ మైకు తెచ్చి నా మూతి ముందు పెట్టారు. బడి గోడ మీదుగా చూస్తే ఫ్యాక్టరీలో క్రేను నిలబడి ఉంది. రెండో పొగగొట్టానికి అప్పటికే గుంతలు తవ్వేశారని ఊరందరికీ తెలుసు. నేను లేచి, "కానియ్యుండ్రి సారూ! గుంతలు తవ్వినంక మమ్ముల అడగవడితిరి" అన్నాను. మొదటి మాట దగ్గరే మైకు వెనక్కి పోయింది. రెండో మాట మీద చప్పట్లు పడ్డాయి. ముందు వరసలో ఫ్యాక్టరీవాళ్ళు కూర్చున్నారు, చప్పట్లు వాళ్ళవే.

తెల్లారి అది పేపర్లో వచ్చింది. నేనే చదివాను. నాకు చదువు జుట్టు నెరిశాక వచ్చింది. మహిళా సంఘంలో సాయంత్రాలు పెట్టిన తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. పాత పేపర్లు ముందేసుకుని పెద్ద అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళం. ఒత్తు అక్షరాల్లో నాకు ముందు పట్టుబడ్డది 'యుద్ధం'లోని ద్ధ. అది రోజూ ఏదో ఒక మూల కనిపించేది కాబట్టి మరచిపోయే వీలు లేకపోయింది. మా ఊరి పేరు మాత్రం పేపర్లో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. 'పనులు త్వరగా కానివ్వండి అని ఒక మహిళ అధికారులను కోరారు' అని ఉంది.

వేలు పెట్టి మళ్ళీ చదివాను. 'త్వరగా' అని నేననలేదు. 'కోరారు' అన్న మాట మరీ వింతగా అనిపించింది. నా 'కానియ్యుండ్రి'ని ఉతికి ఇస్త్రీ చేసి 'కానివ్వండి' అని మడతపెట్టారు.

మా అల్లుడు మాత్రం సంబరపడ్డాడు. మాకు ఒక్కతే బిడ్డ కాబట్టి అతను ఇల్లరికం వచ్చాడు. ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు నింపే చోట కాంట్రాక్టు పని.

"అత్తమ్మా, పేపర్ల వడ్డవ్! మా సూపర్‌వైజర్ అంటుండు, మీ అత్త మంచిదిరా అని."

"ఆ మంచిది నేను గాదు నాయినా. నేనన్నదొకటి, గీడ రాసిందొకటి."

"ఎట్లయితేంది. చాయ్ తాపిచ్చిండు నాకు."

అంతటితో పోయేది. కొన్నాళ్ళకు సూర్యాపేట నుంచి ఒక విలేకరి స్కూటీ మీద వచ్చింది. నా బిడ్డ కంటే కొంచెం పెద్దది. ఫ్యాక్టరీ పొగ గురించీ, దానికి అనుమతులు ఎట్లా వస్తున్నాయన్న దాని గురించీ రాస్తూ వస్తోందట. వాకిట్లో నిలబడే అడిగింది.

"పెద్దమ్మా, పేపర్ల ఉన్న ఆ ఒక మహిళవు నువ్వేనంట గదా?"

ఔనన్నాను. అప్పుడు చెప్పింది. ఊరి ఆడవాళ్ళందరూ సమ్మతించారని సభ పెట్టిన అధికారులు పైకి రాశారట. దానికి ఆధారం నా ఒక్క మాటేనట. సభలో ఎవరో ఫోనులో తీసిన వీడియో ఆమెకు దొరికింది. చూపించింది. నేను లేవడం, 'కానియ్యుండ్రి సారూ' అనడం, మైకు కీచుమనడం, చప్పట్లు. గుంతల మాట ఎక్కడా వినపడలేదు.

"ఇది ఎత్తిపొడుపని ఇన్నంగనే తెలిసింది నాకు. మా ఎడిటరేమో 'అన్నది కదా' అంటడు. వద్దు అని ఒక్క మాటంటె అయిపోతుండె గదా పెద్దమ్మా!"

"నీకు పెండ్లయిందా బిడ్డా?"

"అయింది."

"మీ అత్తతోని వద్దు అంటవా?"

ఆమె తల కొట్టుకుని నవ్వింది. "అనను. కానియ్యుండ్రి అంట."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె, "నువ్వు ఒప్పుకోలేదని నీ మాటగా రాస్తా, రాయమంటవా?" అని అడిగింది. నేను రాయమన్నాను. అల్లుడు ఇంట్లో లేడు.

అది అచ్చయిన రోజు అతను అన్నం ముందు కూర్చుని కలపకుండా అన్నాడు: "అత్తమ్మా, నువ్వన్నది నిజమే. నేను గాదంటలేను. కానీ నా గేటు పాసు మీద సంతకం వాళ్ళది."

నేను కూర గిన్నె అతని వైపు జరిపాను.

ఆ రాత మీద విచారణ అని కోదాడలో సర్కారు ఆఫీసుకు పిలిచారు. అల్లుడే బండి మీద తీసుకుపోయాడు. ఆఫీసు బయట చాయ్ బండి దగ్గర అతని సూపర్‌వైజర్ అనుకోకుండా వచ్చినట్టు నిలబడి ఉన్నాడు. "ఏం లేదు చెల్లె, 'ఔను, ఆ మాటన్న' అను, అయిపోతది" అన్నాడు నాతో.

లోపల ఒక అధికారి, రాసుకోవడానికి ఒక గుమస్తా. అధికారి మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు.

"అమ్మా, మీరు సభలో 'కానివ్వండి' అన్నారా, లేదా?"

"కానియ్యుండ్రి అన్న సారూ."

"రెండూ ఒకటే కదమ్మా."

"ఒకటి గాదు సారూ."

గుమస్తా కలం ఆపి నా వైపు చూశాడు. "ఏంది తేడా? ఒకసారి అనమ్మా, ఇంటం."

అన్నాను. జీవితమంతా అన్న మాట. ఆ గదిలో, గోడకు పెద్దల ఫొటోల కింద, కుర్చీ అంచున కూర్చుని అంటే మెత్తగా వచ్చింది. అక్షింతలు వేయమని అడిగినట్టు వచ్చింది.

"బాగనే అంటున్నవ్ గదమ్మా," అన్నాడు గుమస్తా, "పెండ్లికి పిలిచినట్టు."

మళ్ళీ అన్నాను. ఈసారి గొంతు పైకి లేచింది. "ఎందుకమ్మా అరుస్తారు, మేమేమన్నాం?" అన్నాడు అధికారి. ఎత్తిపొడుపు అడిగితే వచ్చేది కాదు. దానికి ఎదురుగా కడుపు మండించే మనిషి ఉండాలి, పక్కన అర్థం చేసుకునేవాళ్ళు ఉండాలి. ఆ గదిలో నాకు ఎవరూ లేరు. అనలేదందామా అంటే వీడియో ఉంది. నాతోపాటు ఆ విలేకరి కూడా అబద్ధాలకోరు అవుతుంది. అన్నానంటే ఊరంతా ఒప్పుకున్నట్టు. ఔను అన్నా తప్పే, కాదు అన్నా తప్పే. అడిగేవాడి దగ్గర మూడో మాటకు చోటు లేదు.

గుమస్తా రాసి కాగితం ముందు పెట్టాడు. పాత రోజుల్లోలాగా స్యాహీ డబ్బా జరిపాడు, వేలిముద్రకు. నాకు సంతకం వచ్చన్నాను, చదువుతానన్నాను. 'పై మాటలు నేనే స్వచ్ఛందంగా అన్నాను' అని ఉంది. 'స్వచ్ఛందంగా' దగ్గర ఆగిపోయాను. రెండుసార్లు కూడబలుక్కుంటే వచ్చింది. ఎవరి బలవంతం లేకుండా అని అర్థం చెప్పాడు అధికారి.

చదువు రానప్పుడు ఎన్ని కాగితాల మీద వేలు వేశానో నాకే తెలియదు. వాటిలో ఏముందని రేపెవరైనా నిలదీస్తే, నాకు చదువు రాదు బాంచెన్ అని తప్పించుకునే సందు ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ సందును నేనే పూడ్చుకున్నాను. చదివాక పెట్టే సంతకం ఇక పూర్తిగా నాది.

"గుంతలన్న మాట గుడ రాయుండ్రి సారూ. అప్పుడు పెడత."

"అడిగినదానికే జవాబు రాస్తామమ్మా."

కలం కింద పెట్టేశాను. ధైర్యం ఉండి కాదు. చెయ్యి ముందుకు పోలేదు, అంతే. 'సంతకానికి నిరాకరించారు' అని గుమస్తా కింద రాసుకున్నాడు. అది కూడా తలకిందులుగా చదివాను.

మరుసటి రోజే గేటు దగ్గర అల్లుడి పాసు చెల్లలేదు. మిషన్ తీసుకోవడం లేదు, తర్వాత చెప్తామన్నారట. రెండు రోజులు ఇంట్లో కూర్చుని, మిర్యాలగూడలో రైసుమిల్లుకు బస్తాలు మోయడానికి పోయాడు. అక్కడే ఉండి వారానికోసారి వచ్చేవాడు. మెడ మీద తోలు లేచిపోయి ఉండేది. కొబ్బరినూనె రాస్తానంటే, "వద్దు" అన్నాడు. ఇంట్లో ఆ మాట అంత సూటిగా వినడం నాకు కొత్త. నాతో గొడవపడలేదు. "మీ అమ్మను గుడ తినమను" అని నా బిడ్డతో చెప్పేవాడు, నేను ఎదురుగా ఉండగానే.

విలేకరి మాత్రం వదల్లేదు. సంతకం పెట్టని సంగతి రాసింది, తవ్విన గుంతల ఫొటోలు వేసింది. ఆమె పై అధికారులను అడుగుతూనే ఉంది. చివరికి సభ మళ్ళీ పెట్టాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఫోను చేసి గట్టిగా చెప్పింది: "పెద్దమ్మా, మళ్ళ సభ! ఈసారి మైకు నీ చేతులనే ఉంటది. సాగదియ్యకు, ఎత్తిపొడవకు. ఒక్కటే మాట అను, సాలు!"

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగాడు. నేను అక్కడే కూరగాయలు తరుగుతున్నాను. నా బిడ్డతో అన్నాడు: "ఏం లేదమ్మా, సభనాడు మీ అమ్మ ఇంట్లుంటె సాలు. తెల్లారి మీ ఆయన డ్యూటీకి రావొచ్చు." గ్లాసు కింద పెట్టి, ఇంటి మీద రాలిన బూడిద చూసి, "ఈ సారి గాలి ఇటు మళ్ళింది" అని వెళ్ళిపోయాడు.

నా బిడ్డ నన్ను ఏమీ అడగలేదు. పోవద్దని అనలేదు. ఏడ్చి ఉంటే, తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని.

సభనాడు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకున్నాను. అది చూసి నా బిడ్డ చాటలో బియ్యం పోసుకుని వచ్చి, గడపకు అడ్డంగా కూర్చుంది. కాళ్ళు చాపి రాళ్ళు ఏరుతోంది. ఆ బియ్యం ముందు రోజే ఏరినవి. దాని కాళ్ళు దాటితే తప్ప బయటికి దారి లేదు. కన్న బిడ్డ కాళ్ళు దాటడం ఎంత పని? చెప్పులు తీసుకుని నిలబడ్డాను. అది తలెత్తలేదు. మిర్యాలగూడ నుంచి అల్లుడు ఆ రోజు బస్సెక్కాడని, తన బట్టల సంచీ కూడా వెంట తెచ్చుకుంటున్నాడని మాత్రం చెప్పింది.

చెప్పులు కింద పెట్టి గోడకానుకుని కూర్చున్నాను.

బడి మా ఇంటికి దూరమేమీ కాదు. మైకులో ప్రతి మాటా వినపడుతోంది. మళ్ళీ యుద్ధం గురించి చెప్పారు, ఓడల గురించి చెప్పారు. ఎవరో ఒక రైతు బూడిద గురించి నాలుగు మాటలన్నాడు. తర్వాత అధికారి అడిగాడు: "ఆడవాళ్ళలో ఎవరైనా మాట్లాడతారా?" ఎవరూ లేవలేదు కాబోలు. మైకు కూత తప్ప చప్పుడు లేదు. "ఏమమ్మా, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పొచ్చు" అని ఇంకోసారి అడిగాడు.

"వద్దు," అన్నాను ఇంట్లో నుంచి. ఏ అక్షరాన్నీ సాగదీయలేదు.

నా బిడ్డ చెయ్యి చాటలో ఆగింది.

"గట్టిగ అనకమ్మా," అన్నది, "బయటికి ఇనవడతది."