ఫ్రీజరులో పెళ్లిదండలు

మా చెల్లెలి పెళ్లిలో దండలు మార్చుకునే వేళ ఠక్కుమని చప్పుడైంది. పూలకు చప్పుడేమిటని మీరడగవచ్చు. నా చేతిలో పడితే ఉంటుంది. ఆ దండలు చెడిన నింద ఇన్నేళ్లూ మోసింది మాత్రం శంషాబాద్ బస్టాండు దగ్గర పూలమ్మే రహీం భాయ్. అతని మీది మచ్చ తుడవడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నా నోట ఒకటే మాట: కూల్. మజ్జిగ కూల్, కొత్త చొక్కా కూల్, మా బాపు తిట్టినా కూల్. చల్లన, నిదానం, భేష్, సరే అని మనకు విడివిడిగా ఉన్న మాటలన్నీ నేను ఒక్క గంపలో వేసుకుని తిరిగేవాణ్ణి.

ఎండాకాలం పెళ్లి, ఎయిర్‌పోర్టు రోడ్డులో ఫంక్షన్ హాలు. రహీం భాయ్ పొద్దున్నే దండలు తెచ్చి నాకిచ్చాడు.

"తడిగుడ్డ చుట్టి నీడకు పెట్టు అన్నా. ముహూర్తం దాంక ఏం గావు."

"కూల్ భాయ్."

"ఎండ జర ఎక్కువుంది. మర్వకు."

"కూల్ అంటున్న గదా."

తడిగుడ్డ ఎవరు వెతుకుతారు? వంటశాల పక్కనే ఐస్‌క్రీం ఫ్రీజరు కనబడింది. దండలను డబ్బాల మధ్య పడుకోబెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ముహూర్తానికి తీస్తే రెండూ సైకిల్ టైర్లలా బిగుసుకుని ఉన్నాయి. పెళ్లి చేయించే అయ్యగారు తొందరపెడుతున్నాడు. అలాగే ఇచ్చేశాను. చెల్లెలు వేసిన దండ పెళ్లికొడుకు తలపాగాకు ఠక్కున తగిలింది. గులాబీ రేకులు గాజుపెంకుల్లా రాలాయి. కరిగిన నీళ్లు అతని మెడ మీదుగా లోపలికి ప్రయాణం కట్టాయి. తాళి కట్టేసరికి పూలు ఉడికిన తోటకూరలా వేలాడుతున్నాయి.

"గివేం పూలు? చచ్చినయి అంటగట్టిండు" అంది చెల్లెలి అత్తగారు.

"రహీం దగ్గర ఇగ కొనేది లేదు" అన్నాడు బాపు.

నేను నోరు విప్పలేదు. అప్పటి నుంచి మా ఇంటి శుభకార్యాలకు రహీం భాయ్ పూలు రాలేదు.

మొన్న మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు పూలు షాద్‌నగర్ నుంచి తెద్దామంటుంటే ఇక తట్టుకోలేక అందరి ముందూ చెప్పేశాను. బాపు కుర్చీలోంచి లేచాడు. మా చెల్లెలి భర్త మాత్రం తీరిగ్గా అన్నాడు:

"దండకు వెనీలా వాసనొచ్చింది బావా. భాయ్ కొత్త సెంటు గొట్టిండనుకున్న."

"పో. మాఫీ అడిగి, ఆర్డర్ గూడ నువ్వే ఇచ్చి రా" అన్నాడు బాపు.

వెళ్లి చెప్పాను. రహీం భాయ్ దారం పక్కన పెట్టి విన్నాడు.

"గింత చెప్పనీకి గిన్నేండ్లు పట్టిందా అన్నా?"

నా పాత మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఫంక్షన్ రోజు అతను దండలు తెచ్చాడు. నేను చేతులు చాచాను. నన్ను దాటి పోయి చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నువ్వు జర అవతల కూసో అన్నా, కూల్‌గా."

కూర్చున్నాను. అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, మంచు మీద నాకిక నమ్మకం లేదు కనుక: ఐస్‌క్రీం తప్ప మరే వస్తువునూ ఈ జన్మలో ఫ్రీజరులో పెట్టను.