చంద్రవ్వ గొళ్లెం పెట్టింది నిజమే

చంద్రవ్వ అల్లున్ని ఇంట్లేసి గొళ్లెం పెట్టి రోకలితోని కొట్టిందని, కొట్టి సోలార్ బ్యాటరీ పైస ఇయ్యకుంట పుక్కట్ల తెప్పించుకున్నదని సిద్దిపేటల పాత బస్టాండు దాకా పాకింది. కూరగాయల బండి కాడ రోకలి అన్నరు. పాలపాకెట్ల దుకాణం కాడికి వచ్చేసరికి అది గొడ్డలైంది. ఇంకో వారమైతే తలకాయ పగిలింది, దవాఖానల కుట్లు పడ్డయి అని సుత అంటరు. గొళ్లెం పెట్టింది నిజమే, అది ఒప్పుకోవాలె. మిగిలిందంత నోట్లె నాలుక ఊకుండలేక అల్లిన ముచ్చట. కొట్టంగ సూసినోళ్లు ఒక్కలు లేరు, చెప్పెటోళ్లు మాత్రం గల్లికి పదిమంది. ఇంత చెప్పుకుంటున్నరు గద, చంద్రవ్వను పిలిచి "కొట్టినవా?" అని అడిగినోళ్లు ఆ చెప్పెటోళ్లల్ల ఉన్నరా? లేరు. అడిగితే ముచ్చట అయిపోతదని భయం.

చంద్రవ్వ గౌండ్లోల్ల ఇంటి కోడలు. మొగడు పర్శరాములు తాళ్లెక్కి కల్లు గీసెటోడు. నాలుగేండ్ల కింద వానకు నానిన చెట్టు మీద మోకు జారి కిందవడ్డడు. పానం దక్కింది గని నడుముకాడికెల్లి కిందికి సోయి లేదు. అప్పటిసంది మంచమే. మనిషి లేవడు గని మాట లేస్తది. కిటికీ కాడ పండుకొని గల్లిలవొయ్యేటోల్లను ఆపి మరీ కయ్యం పెట్టుకుంటడు. చంద్రవ్వ ఇంటి ముంగట పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు అమ్ముతది. పొద్దుగూకంగనే ఆమె అరచేతుల సప్పుడు గల్లి మొత్తం ఇనవడుతది. ఒక్కతే బిడ్డ స్నేహ. గజ్వేల్ల ఇచ్చిన్రు.

మంచంల వడ్డ మనిషికి పుండు పగోడసొంటిది. ఒక్కతీరుగ పండితే పెయ్యి ఒత్తుకపోయి తోలు లేస్తది. గందుకే దవాఖానోళ్లు గాలి పరుపు ఏపిచ్చిన్రు. దానికి చిన్న మోటరు. గుర్రుమనుకుంట ఒక వరుసల గాలి నింపుతది, ఇంకో వరుసల దించుతది. ఆ గురగుర ఇనవడుతున్నంత సేపు చంద్రవ్వ చేతులు పిండిల ఆడుతయి. ఆగిందా, ఆమె చేతులు సుత ఆగుతయి. ఎండకాలం కరెంటు పోతే పరుపు మెల్లగ కుంగి కింద మంచం చెక్క తగులుతది. అప్పుడు పొయ్యిల నీళ్లు సల్లి, లోపలికి ఉరికి, మొగన్ని ఒత్తిగిలిపిచ్చి, మోకాలు ఆసరా ఇచ్చి, కరెంటు వచ్చేదాక అట్లనే పట్టుకోవాలె. పోయినేడు అట్ల పట్టుకోను చాతగాక నడుము కింద పుండు అయ్యింది. మానేసరికి వానకాలం దాటింది. "మళ్ల తెగితే ఎముక దాక పోతది. అప్పుడు మా చేతులల్ల ఉండది" అన్నడు డాక్టరు.

గది చంద్రవ్వ బాధ. బిల్లు తగ్గుడు గాదు, మిద్దె మీద సోలార్ పలకల మెరుపులు గావు. కరెంటు పోతే మోటరు ఆగొద్దు. అంతే.

పాత బస్టాండు ఎనుక ఒక సోలార్ దుకాణమున్నది. అండ్ల సంహిత అనే పిల్ల కూసుంటది. చంద్రవ్వ పిండి చేతులు కొంగుకు తుడుసుకుంట పోయి నిలవడ్డది. ఆ పిల్ల ధర చెప్పలే, బొమ్మలు సూపియ్యలే. ముందుగాల ఒక్కటే అడిగింది.

"అవ్వా, కరెంటు పోయినప్పుడు మీ ఇంట్ల ఏది ఆగొద్దు?"

"మా ఆయన గాలి పరుపు మోటరు, బిడ్డా. ఒక పంకా, ఒక లైటు."

"అయితే మీకు ముందుగాల కావల్సింది బ్యాటరీ, దానికి ఇన్వర్టరు. పలకలు తర్వాత సుత ఎక్కియ్యచ్చు. బ్యాటరీ లేకుంట ఉత్త పలకలు వెట్టుకున్నరనుకో, కరెంటు పోతే అవి సుత బంద్ అయితయి. ఎంత ఎండున్నా సరే."

"ఎండుంటె ఎట్ల బంద్ అయితది?"

"స్తంభం మీద లైన్‌మెన్ ఉంటడు గద అవ్వా. మీ ఇంటి కరెంటు తీగెలల్లకు పోతే ఆయనకు షాక్ కొడుతది. గందుకే మిషినే బంద్ జేసుకుంటది."

చంద్రవ్వకు సమజైంది. ఇంటికొచ్చి మొగనికి చెప్పింది, పెనిమిటి అన్న కాశయ్యకు చెప్పింది. కాశయ్య అంతెత్తు లేసిండు.

"మనోడు ఉండంగ బయటోని దుకాణం మెట్లెక్కుతవా? స్నేహ బావ శైలేందర్ గజ్వేల్ల గదే యాపారం జేస్తుండు. రేపు వియ్యంకులు మొకం మీద ఊంచితే ఎవలు తుడుసుకోవాలె?"

శైలేందర్ అంటే స్నేహ పెనిమిటికి అన్న. చంద్రవ్వకు అల్లుడు వరస. మర్నాడే తెల్ల అంగితోని, మిఠాయి డబ్బతోని వచ్చిండు. అల్లుడు వచ్చిండంటే ఆ ఇండ్లల్ల ఒక పద్ధతి. అత్త ఎదురుంగ కూసోదు, మొకం మీద అడగది. తలుపు సాటుకు నిలవడి, కోడి కోసినమా, కల్లు తెచ్చినమా, కారం సరిపోయిందా, గదే సూస్తది. శైలేందర్ కాళ్లు చాపి కూసొని పలకల మీద పలకలు వర్ణించిండు. బిల్లు సున్నా వస్తదన్నడు. సర్కారు పైసలు వాపస్ ఇస్తదన్నడు. చంద్రవ్వ నాలుక కొసకు సంహిత మాట వచ్చి ఆగింది. చివరికి తలుపు సాటుకెల్లి, "కరెంటు పోతే..." అన్నది.

కాశయ్య గుడ్లురిమి సూసిండు. శైలేందర్ నవ్విండు.

"సోలార్ ఉన్న ఇంటికి కరెంటు పోవుడేంది అత్తమ్మా? నేను లేనా? మీకెందుకు పరేషాన్?"

అడగాల్సిన మాట గొంతుల ఉండంగనే మింగి, అల్లునికి ఇంకో ముక్క ఏసింది చంద్రవ్వ. చేసిన తప్పు గదొక్కటే.

పలకలు ఎక్కినయి. కాశయ్య కొబ్బరికాయ కొట్టిండు. ఒక్కొక్క పలకకు పసుపు, కుంకుమ. గల్లి గల్లంత వచ్చి మిద్దె దిక్కు సూసింది. పర్శరాములు మంచంల పండుకొనే, "మా ఇంటి మీద సూర్యుడు కిరాయికి దిగిండు" అని వచ్చినోళ్లకల్ల చెప్పిండు. వారం దాటలే. మిట్టమధ్యాన్నం, కాకి సుత నీడ ఇడిసిపెట్టని ఎండల, మోటరు టక్కున ఆగింది. చంద్రవ్వ మిద్దెక్కి సూస్తే పలకలు ముట్టుకోరాకుంట కాలుతున్నయి. కింద మొగడు మంచం చెక్కకు ఒత్తుకుంటుండు. ఫోన్ జేస్తే శైలేందర్ "రేపొస్త అత్తమ్మా" అన్నడు. గట్ల చాన రేపులు వోయినయి. ఇంతల గాలిదుమారం వచ్చి స్తంభాలు వడ్డయి. పొద్దంత కరెంటు లేకపాయె. చంద్రవ్వ పట్టుకున్నంత పట్టుకున్నది. పొద్దుగూకంగ గుడ్డ తీసి సూస్తే పాత పుండు కాడ తోలు లేసి నీరు కారుతున్నది.

ఆమె ఏడ్వలే. ఏడ్సినా బాగుండు. పటపట పండ్లు కొరికింది, ఆ పండ్ల సప్పుడు పర్శరాములు ఇన్నడంట.

ఆయితారం లైను పని ఉన్నది, మధ్యాన్నంకెల్లి పొద్దుగూకెదాక కరెంటు రాదని కరెంటోళ్లు ముందుగాలనే ఎరుకజేసిన్రు. చంద్రవ్వ శైలేందర్‌కు ఫోన్ కొట్టి తేనె లెక్క మాట్లాడింది. "అల్లుడా, ఆయితారం నాటుకోడి కోస్తున్న. గింత తిని పోరాదుండ్రి." తెల్లంగి తొడుక్కొని దిగిండు శైలేందర్. కోడి వాసన వాకిట్లకే కొడుతున్నది. "తినెటందుకేమాయె, ముందుగాల మామకు కనవడి రాండ్రి" అని లోపలికి తోలింది. ఎనుకనే తాను సుత పోయింది. పోయి, లోపలి పక్క గొళ్లెం పెట్టింది. లోపలి పక్క! గీ ఒక్క మాట పాత బస్టాండుల ఎవ్వరు చెప్పరు.

అప్పుడే కరెంటు పోయింది. గురగుర ఆగింది. పరుపు కుంగుతున్నది.

"పట్టుకో" అన్నది చంద్రవ్వ. అప్పటిదాక ఉన్న 'రాండ్రి, పోండ్రి' అంత ఆ గొళ్లెంతోనే పోయింది.

"ఏంది అత్తమ్మా?"

"మీ మామను ఒత్తిగిలిపిచ్చి పట్టుకో. కరెంటు వచ్చేదాక. నీ సోలార్ ఉన్న ఇంటికి కరెంటు పోదంటివి గద, ఎంతసేపుంటది?"

అల్లుడు మంచినీళ్ల గిలాస సుత తాను ముంచుకోని ఇల్లది. శైలేందర్ తలుపు దిక్కు సూసిండు. తలుపుకడ్డం చంద్రవ్వ నిలవడ్డది. ఇగ తప్పక వంగి, మామ భుజానికింద ఒక చెయ్యి, తుంటికింద ఒక చెయ్యి వెట్టి లేపిండు. చంద్రవ్వ గుడ్డ తీసింది. పుండు సూడంగనే మొకం తిప్పుకున్నడు.

"తిప్పకు. సూడు. మిద్దె మీద నీ పనితనం గల్లి మొత్తం సూసింది. నీ పనితనం గీడ సుత ఉన్నది, నువ్వు సూడు."

పర్శరాములు ఊకుంటడా? "ఏం అల్లుడా, గంతగనం వణుకుతున్నవ్? నేనెక్కిన తాటిచెట్టు సుత గిట్ల వణకలే" అన్నడు.

జరసేపటికి తెల్లంగి వీపు తడిసింది. "వామ్మో! సచ్చిన్నో అత్తమ్మా! చేతులు వోతున్నయి!" అని మొత్తుకున్నడు శైలేందర్. బయట కోడికూర కోసం ఎదురుసూసుకుంట కూసున్న కాశయ్య చెవుల వడ్డది గీ మొత్తుకోలే. రోకలి గీడనే పుట్టింది.

"ఏడ వోతయి?" అన్నది చంద్రవ్వ. "నావి నాలుగేండ్ల సంది పోలే. బ్యాటరీ లేకుంటె కరెంటు పోయినప్పుడు పనిజెయ్యదని నీకు ఎరుకనా, కాదా? గది చెప్పు."

వాడు జర చెయ్యి సర్దుకొని పట్టుకున్నడు.

"ఎరుకే అత్తమ్మా. బ్యాటరీ అంటే ఖర్సు ఎక్కువని బేరం ఆగిపోతది. అందరికి గట్లనే చెప్తం."

"అందరికి చెప్పుకో. మంచం మీద మనిషున్నడని నీకెరుకుండి నాకు సుత గట్లనే చెప్పినవా? నా ఇంటి కోడి తినుకుంట చెప్పినవా?"

ఆమె గొంతు లేసింది గని చెయ్యి లేవలే. రెండు చేతులు కొంగుల కట్టుకొని నిలవడ్డది. చేతులు లేస్తయని ఆమెకే భయమైనట్టుంది. వాడు అలిసిపోయినంక పక్కకు జరుపి తానే పట్టుకున్నది. గొళ్లెం వాడే తీసుకున్నడు. కోడికూర ముట్టకుంట, చెప్పులు తారుమారుగ తొడుక్కొని, కాశయ్యను దాటుకొని పోయిండు.

మాపటికి స్నేహ ఫోన్. "అవ్వా, మా బావను కొట్టినవటనే? మా అత్త నిన్ను మాఫీ అడుగుమంటున్నది."

"అడుగుత బిడ్డా. మీ అత్తను ముందుగాల ఒక్కపూట వచ్చి మీ బాపు పుండు కడగమను. కడిగినంక ఆమె కాళ్లకాడ కూసొని అడుగుత."

స్నేహ మెల్లగ, "పుండు మళ్ల తెగిందానే? నాకెందుకు చెప్పలే?" అన్నది. అత్త పక్కనే ఉన్నట్టుంది, ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దుగాల మొదటి బస్సుకే దిగి, పుండు తానే కడిగింది.

ఆ పుండు కండ్లకెల్లి పోలేదేమో, రెండు దినాలకు శైలేందర్ సుత వచ్చిండు. ఇద్దరు పనోళ్లు, బ్యాటరీ, పలకల కరెంటును బ్యాటరీల నింపే కొత్త ఇన్వర్టరు తెచ్చిండు. పైసలు వద్దన్నడు. పుక్కట్ల తెప్పించుకున్నదని వాగెటోళ్లు గిది ఇనాలె. చంద్రవ్వ పైసలు వాని జేబుల కుక్కింది. పుక్కట్ల తీసుకుంటె రేపు చెడిపోతే అడిగే నోరు ఉండది. తలుపు సాటుకు పోలే. వాకిట్ల కుర్సీ ఏసుకొని వానికి ఎదురుంగ కూసున్నది. పరుపు, పంకా, లైటు కలిసి నడిస్తే ఎంతసేపు వస్తది? మబ్బు వడితే ఎట్ల నిండుతది? చెడిపోతే ఎవలొస్తరు, ఎప్పుడొస్తరు? సంహిత దుకాణంల ముందే పోయి అడిగొచ్చిన ముచ్చట్లే ఒక్కొక్కటి అడిగింది. వాడు తల వంచుకొని జవాబు చెప్పిండు. కాశయ్య మధ్యల "అల్లున్ని గట్ల..." అనవోతే, "బావా, నువ్వు కొబ్బరికాయ కొట్టుడు అయిపోయింది, ఇంటికి పో" అన్నది.

"మెయిన్ స్విచ్చి బంద్ జెయ్యి" అన్నది శైలేందర్‌తోని.

"ఇప్పుడే పెట్టిన అత్తమ్మా, బ్యాటరీ ఇంకా..."

"బంద్ జెయ్యి."

మెయిన్ దించిండు. గల్లి మొత్తంల ఆ ఒక్క ఇంటికి కరెంటు పోయింది. మోటరు గురగురమంటనే ఉన్నది. పర్శరాములు ఎన్నడు లేంది నోరు మూసుకొని ఇన్నడు. చంద్రవ్వ మాత్రం నవ్వలే. అల్లునికి చాయ్ సుత పొయ్యలే. పుండు ఇంకా పచ్చిగనే ఉన్నది. అది మానేదాక ఆమె కోపం మానది. మానినా ఆ గీత ఉంటది.

పక్కింటి కొమురవ్వకు ఇగ ఓపిక అయిపోయింది. గోడ ఒక్కటే అయినా మొత్తుకోలు తప్ప ఏం ఇనవడలేదని ఆమె బాధ. మాపటికి రొట్టెల పేరు మీద వచ్చి పొయ్యి కాడ పీట ఏసుకొని కూసున్నది. ఎండ ముచ్చట, జొన్నల ముచ్చట అయినయి. చంద్రవ్వ చేతులు టపటప ఆడుతున్నయి. లోపల మోటరు నడుస్తున్నది.

"ఓ చెల్లె, లోకం నోరు మూపియ్యాలె, నిజం చెప్పు" అన్నది కొమురవ్వ. "వాన్ని కొట్టినవా, లేదా?"

చంద్రవ్వ రొట్టె పెనం మీద ఏసి, నీళ్ల చెయ్యి తుడిసి, అప్పుడు తలెత్తింది.

"ఎందుకు కొడుత కొమురక్కా? కొడితే నా చేతులు నొస్తయి. పొద్దుగాల గీ చేతులతోనే మొగన్ని ఒత్తిగిలిపియ్యాలె, మాపటికి గీ చేతులతోనే రొట్టెలు చెయ్యాలె. వాని వీపు కోసం నా చేతులు పాడుజేసుకుంటనా?"