హాజరు రాస్కో

2006 జూలైలో సోనాపూర్ కూలీల క్యాంపుకి చేరాను. పదిహేడేళ్ళు సరిహద్దులో కాపలా కాసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి, దుబాయ్‌లో మళ్ళీ గేటు దగ్గరే నిలబడ్డాను. చేతికి ఇచ్చిన సామాను వాకీటాకీ, టార్చి, విజిల్, హాజరు రిజిస్టరు. తెల్లవారుజామున నాలుగున్నరకే చొక్కా ఒంటికి అంటుకునే ఉక్కపోత. ఐదింటికి బస్సులు. పేర్లు పిలిచి మనుషుల్ని ఎక్కించడం నా డ్యూటీ. వాళ్ళ పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలో ఉండేవి.

మా జగిత్యాల వైపు అన్నదమ్ములు మల్లయ్య, రాజం సెంట్రింగ్ పని చేసేవారు. పేరు పిలవగానే రాజం సెల్యూట్ కొట్టి "హాజర్, కాకా" అనేవాడు. నన్ను ఆటపట్టించడమే. నాకు నచ్చేది.

రెండో ఎండాకాలంలో మల్లయ్య నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. తెలివి రాలేదు. రాజం ఆస్పత్రి వరండా వదలలేదు. ఆ సంగతి నాకు తెలుసు, బస్సు డ్రైవరు చేత రోజూ రొట్టెలు పంపింది నేనే. అయినా సెలవు చీటీ లేదు. ఫౌజులో చీటీ లేనివాడు గైర్హాజరే. ఎనిమిది రోజులూ ఐదు గంటలకు అదే మాట రాసి సంతకం పెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రిజిస్టరు నీటుగా ఉందని మురిసిపోయాను కూడా. అది చూపించి రాజం పారిపోయాడని కంపెనీ కేసు పెట్టింది.

తొమ్మిదో రోజు మల్లయ్య పోయాడు. మధ్యాహ్నం రెండుంబావుకి రాజం గేటుకి వచ్చాడు. శవంతో ఊరికి పోవాలి, పాస్‌పోర్టు ఇప్పించమన్నాడు. అంతలో వాకీటాకీలో క్యాంప్ బాసు.

"గేట్ వన్, రాజం ఆయా?"

"ఆయా, సాబ్."

"రోకో. పోలీస్ ఆ రహీ హై."

పారిపోయినవాడు తనంతట తాను గేటుకి వస్తాడా అని అడగాల్సింది. అడగలేదు. పోలీసులొచ్చేదాకా ఆపమన్న ఆర్డరు చెవిన పడగానే చెయ్యి తాళం వేసేసింది.

రాజం నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "రెండు దినాలు ఇడ్వు కాకా. అన్నకు నిప్పు వెట్టి మల్లొస్త. అప్పుడు జైల్ల ఏస్కోమను."

రిజిస్టరు పట్టుకుని బాసు దగ్గరికి పరిగెత్తాను. తప్పు నాదేనని మొత్తుకున్నాను. ఆయన నా సంతకాల మీద వేలు పెట్టి, రాసింది నువ్వే కదా, ఖలాస్ అన్నాడు.

శవపెట్టె వెంట కంపెనీ నన్నే పంపింది. బేగంపేట ఎయిర్‌పోర్టులో దిగి, తెల్లారేసరికి ఊరు చేరాం. మల్లయ్య భార్య పెట్టెను చూడలేదు. మరిది కోసం నా వెనక చూసింది. పాలివాడెవరో నిప్పు పెట్టాడు. నేను మళ్ళీ దుబాయ్ పోలేదు.

ఆ పోలీసు వ్యాను మాత్రం ఇప్పటికీ నా కళ్ళముందే కదులుతుంది. జాలీ వెనక రాజం సెల్యూట్ కొట్టాడు. ఈసారి ఆటపట్టించడానికి కాదు.

"నేనీడ్నే ఉన్న కాకా. హాజర్ రాస్కో."

రిజిస్టరు నా చంకలోనే ఉంది.