ఒక్క మెడకి రెండు బెల్టులా?

"ఒక్క మెడకి రెండు బెల్టులెందుకే?"

"ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకోటి పెట్టుకోడానికి అత్తయ్యా!"

"అయితే మెడ కూడా ఇంకోటి కొను. ఇది ఆరిందాకా దాన్ని వాడుకుంటా."

"రెండు ఉంచుకోమని డాక్టరుగారే చెప్పారు."

"చెప్పడానికేం, చెబుతాడు. ఉతికేది ఆయనా?"

గుంటూరులో మందుల కొట్టు ముందు నిలబడి కోడలు పద్మ మీద నేనిలా గెలిచాను. ఆ గెలుపు నా మెడకి ఏ గతి పట్టించిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం.

మెడ ఎముకల మధ్య నరం నలిగి, నొప్పి కుడిచేతి వేళ్లదాకా దిగేది. గరిటె జారిపోయేది. మిరపకాయ తొడిమ తీద్దామంటే వేళ్లు నావి కానట్టుండేవి. తొడిమ తియ్యలేని చెయ్యి మా ప్రత్తిపాడు వైపు చెయ్యి కింద లెక్కే కాదు. చివరికి ఆపరేషన్ చేసి, అరిగిన డిస్కు తీసేసి, రెండెముకల్నీ ప్లేటూ స్క్రూలూ పెట్టి ఒకటిగా బిగించారు. నొప్పి వెనకైతే కోత ముందు పెట్టారు, పెరటి గడియ బాగుచెయ్యడానికి వడ్రంగి వీధి గుమ్మంలోంచి వచ్చినట్టు. ఎముకలు అతుక్కునేదాకా బెల్టు ఉంచుకోవాలి, బరువెత్తకూడదు, తల వంచకూడదు అన్నారు. తల వంచకపోవడం నాకు కొత్త కాదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకి బెల్టు చెమట వాసన కొట్టింది. పద్మా, నా కొడుకు శ్రీనూ మిరప కోతకి చేలోకి వెళ్లగానే దాన్ని విప్పి ఉతికాను. ఎండ కోసం చూస్తే, ఇంటి పక్క కళ్లంలో ఎండంతా మిరపకాయలే ఆక్రమించుకున్నాయి. ఉన్న ఎండని వాడుకోవాలి గదా! వంగకూడదు కాబట్టి పైనుంచే వదిలాను. కాయల మీద చక్కగా వాలింది. వచ్చి తల కదపకుండా వెల్లకిలా పడుకున్నాను. డాక్టరు మాట తప్పలేదు, గమనించండి.

సాయంత్రం కర్రతో పైకి లాగి, దులిపి, పెట్టుకున్నాను. స్పాంజి గదా, నీళ్లు వదిలేసి ఘాటు తాగింది. ముందు మెడ వెచ్చబడింది. తర్వాత మండింది. ఆ తర్వాత మాటల్లేవు, కేకలే.

"శ్రీనూ! స్క్రూలు వేడెక్కాయిరా!"

"వేడెక్కడానికి అదేమన్నా ఇంజనా అమ్మా?"

"ఊడిపోతున్నాయిరా! కుట్ల దగ్గర నిప్పెట్టినట్టుంది!"

"ఉండు, బెల్టు తీసి చూస్తా."

"తియ్యకు! తల చేతికొస్తుంది!"

కొరివితో తల గోక్కున్నవాళ్ల సంగతి విన్నాం. కారాన్ని రెండు చేతులా మెడకి ఒత్తిపట్టుకుని కారులో గుంటూరుదాకా మోసుకెళ్లింది మాత్రం నేనే. దారిలో నా భయమంతా కుడిచేతి గురించే. మళ్లీ మొద్దుబారితే, మళ్లీ పద్మ అన్నం కలిపి నోట్లో పెట్టాలి. ఒకరి చేత తినిపించుకునే మనిషిని కాను నేను.

"మామ్మగారూ, నా వేళ్లు గట్టిగా నొక్కండి," అన్నాడు డాక్టరు.

నొక్కాను.

"అబ్బా! చాలు, వదలండి! చెయ్యి బ్రహ్మాండంగా ఉంది."

ఎక్స్‌రేలో స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరి ఈ మంటేమిటని ఆయన బెల్టు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, ఆలోచిస్తూ కన్ను నలుపుకున్నాడు.

ముందు ఆయన్నే కుళాయి దగ్గరికి తీసుకెళ్లారు.

తిరిగొచ్చి, తెరుచుకున్న కన్నుతో నన్ను చూశాడు. "ఇది ఎక్కడ ఆరబెట్టారు?"

"ఎండలో."

"ఏ ఎండలో?"

"మిరపకాయల మీది ఎండలో."

నర్సు నా మెడకి నూనె రాసి తుడిచింది. పద్మ గోడవైపు తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకునేంత అమాయకురాలిని కాను. వెళ్లి కొత్త బెల్టు కొనుక్కొచ్చింది. బుద్ధిగా పెట్టించుకున్నాను. పాతది పారేస్తానంటే మాత్రం లాక్కున్నాను.

ఆసుపత్రి గుమ్మంలోనే ప్రమాణం చేశాను. నా మెడలోని స్క్రూల సాక్షిగా, ఊపిరున్నంత కాలం మెడబెల్టుని మిరపకాయల మీద ఆరెయ్యను.

మర్నాడు పొద్దున్నే పాత బెల్టు ఉతికి, ధర కోసం వసారాలో పోసుంచిన పత్తి మీద ఆరేశాను. అతుక్కునే అంచులకి పత్తంతా పట్టేసింది. ఎంత నొక్కినా ఇక అతుక్కోలేదు. పద్మ చూసింది. లోపలికెళ్లి పాత దువ్వెన తెచ్చి నా కుడిచేతిలో పెట్టింది.

కూర్చుని బెల్టుని దువ్వాను.