పప్పు మీద ఫిర్యాదు

ఆ రోజుల్లో అచ్చులో కనిపించిందల్లా నిజమేనని నమ్మేవాణ్ణి. డెబ్బైల చివరి మాట. పదో తరగతితో చదువు ఆగినా, ఢిల్లీ కంటోన్మెంటులో సిపాయిగా ఉంటూ మా యూనిట్ లైబ్రరీ పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే నమిలేశాను. ఆ వారం నమిలింది పోషకాహారం గురించిన పుస్తకం. (అరిగిందో లేదో మీరే చెప్పాలి.)

మా లంగర్లో, అంటే సిపాయిల భోజనశాలలో, మధ్యాహ్నం ఓ అధికారి వచ్చి "కోయీ షికాయత్?" అనేవాడు, ఫిర్యాదులున్నాయా అని. రెండువందల మందిమీ ఒక్క గొంతుతో "నహీ, సాబ్!" అనాలి. అది జవాబు కాదు, ఆనవాయితీ. ఆ రోజు వచ్చింది మా కెప్టెన్. నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న శ్రీకాకుళం నేస్తం నా చొక్కా పట్టి లాగాడు. "కూకోరా బాబూ! నీ సెలవు కాయితం ఆయన బల్ల మీదే ఉంది. ఇంకా సంతకం పడనేదు!" అమ్మను చూసి ఏడాదిన్నర; ఎల్లుండే రైలు. అయినా పుస్తకం నన్ను కూర్చోనివ్వలేదు.

"సాబ్, పప్పు మరీ ఉడికిపోతోంది. విటమిన్లు చచ్చిపోతున్నాయి."

చెంచాలు ఆగిపోయాయి. వంటవాళ్ల పెద్ద, మీసాల హవల్దారు, గరిటెను తుపాకీలా పట్టుకుని బిగుసుకుపోయాడు. కెప్టెన్ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "అచ్ఛా. రేపు పప్పు నువ్వే వండు. నేనూ ఇక్కడే తింటాను."

మర్నాడు పుస్తకం చెప్పినన్ని నిమిషాలే ఉడికించి సెనగపప్పు దించేశాను. "బేటా, ఇంకో గంట ఉండనీ" అని హవల్దారు బతిమాలాడు. విన్నానా? (ఆ లెక్క నలుగురు తినే గిన్నెకని, మా నిలువెత్తు దేగిసాకి కాదని తట్టనే లేదు.) భోజనాల దగ్గర మాటల్లేవు, పటపటమని నమిలే చప్పుడు తప్ప. కెప్టెన్ మొదటి ముద్దనే చాలాసేపు నమిలాడు. ఆయన లేచి, "కోయీ షికాయత్?" అన్నాడు. ఒక్క చెయ్యి లేచినా నా సెలవు పోయినట్టే. రెండువందల మందీ పప్పును దవడల్లో దాచుకుని "నహీ, సాబ్!" అని గర్జించారు. అందరికంటే హవల్దారు గొంతే పెద్దది.

సాయంత్రం సంతకమైన కాగితం చేతికొచ్చింది. అంచున కెప్టెన్ పెన్సిలుతో రాసిన వాక్యం: "సెలవులో వంటింట్లోకి వెళ్లరాదు."

ఇప్పటికీ పుస్తకాలు నములుతూనే ఉన్నాను. రెండువందల మంది నాకోసం పళ్లు అరగదీసుకున్న ఆ మధ్యాహ్నం గుర్తొస్తే, ఆ ఇరవయ్యేళ్ల పండితుణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడికి దక్కిన నేస్తాలను తలుచుకుని కాస్త కుళ్లుకుంటాను కూడా.