సూర్యలంక ఇసుకలో జీపు నడిపింది నేనే

డెబ్బైల మొదట్లో నేను మాదాపూర్ దగ్గర ఒక సర్వే క్యాంపులో పనిచేసేవాణ్ణి. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలే. మా జీపు డ్రైవర్ మల్లయ్యది ఖాజాగూడ. రోజుకూలీ మీద బండి నడిపేవాడు. నలభై ఏళ్లొచ్చినా సముద్రం చూడలేదు. కొలత పరికరాలు బాపట్లలో అప్పగించే పని పడింది. అది మా ఊరే కాబట్టి, పనిలో పనిగా సముద్రం చూపిస్తానన్నాను.

పొద్దున ఐదింటికి బయలుదేరాం. నాగార్జునసాగర్ మీదుగా మాచర్ల చేరి పెట్రోలు పోయించుకుని, గుంటూరులో భోంచేసి, నాలుగింటికి బాపట్లలో పరికరాలు అప్పగించాం. అక్కడికి సూర్యలంక ఐదారు మైళ్లే. చివర ఇసుక దారి. మల్లయ్య టైర్లలో గాలి కొంత తీసి, నాలుగు చక్రాలూ లాగేలా చిన్న గేరు వేసి దాటించాడు. సముద్రం కనబడగానే ఇంజను ఆపి చాలాసేపు చూశాడు.

"గీ నీళ్లకు అవతలి ఒడ్డు లేదా సారూ?" అన్నాడు.

ఆఫీసు బండి ముట్టుకునే అధికారం నాకు లేదు. అయినా స్టీరింగు అడిగి తీసుకున్నాను. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకరు చూసి చెప్పారు: "ఈ గట్టి ఇసక మీదే పోండి బాబూ. నీళ్లకేసి మెరిసే చోటుకి దిగమాకండి, మింగేసుద్ది."

"ఆయన జెప్తుండు గద సారూ. జర మీదికెల్లే పోనియ్యిండ్రి," అన్నాడు మల్లయ్య.

అర మైలు హాయిగా సాగింది. ఆ ఊపులో అలల దాకా తిప్పాను. ముందు చక్రాలు దిగబడ్డాయి. నేను యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోతుకు పోయాయి. జాలర్లు తాళ్లు కట్టి లాగేసరికి గంట పట్టింది. అప్పటికే ఉప్పునీరు ఇంజన్లోకి వెళ్లింది.

వారం తర్వాత అధికారి మా ఇద్దర్నీ పిలిచి, "నీళ్లలోకి దింపిందెవరు?" అని అడిగారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. నేను తల దించుకున్నాను. మల్లయ్య ఒక్కసారి నావైపు చూసి, "నేనే సార్," అన్నాడు. ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు.

నెల తర్వాత ఖాజాగూడ వెళ్తే ఎండలో బండలు కొడుతున్నాడు. రేపే వెళ్లి నిజం చెబుతానన్నాను. "మీ నౌకరి గూడ పోతది. ఇగ వద్దు సార్. నీడకు కూసోండ్రి," అని నీళ్లిచ్చాడు. అతను వద్దన్నందుకు నాకు లోపల ఊరటగా అనిపించింది. నిజం ఎవరికీ చెప్పలేదు. మళ్లీ అటు వెళ్లలేదు.

నన్ను ఇన్నేళ్లూ బాధపెట్టింది ఆ ఊరటే. జీపు మునగడం పొరపాటు. అధికారి గదిలో నోరు మెదపకపోవడం మాత్రం నేను తెలిసి చేసిన పని. మల్లయ్య ఇప్పుడు లేడని ఈమధ్యే తెలిసింది. అందుకే ఇప్పుడైనా రాస్తున్నాను.

ఫోర్ వీల్ బండ్లతో సూర్యలంక వెళ్లేవారికి ఒక్క మాట. చక్రం దిగబడిందనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. దిగి, చేతులతో ఇసుక తవ్వి, ఒడ్డున ఉన్నవాళ్లను పిలవండి. మొదటి రెండు నిమిషాల్లో అయితే నలుగురు తోస్తే బయటికి వచ్చేస్తుంది.