చెట్లు నాటిన దాకా

నా చిన్నప్పుడు మేము ఎడారి దేశంలో, సముద్రం పక్కనున్న దుఖాన్ అనే ఊళ్ళో, నాన్న పనిచేసే చమురు కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. నాన్న డ్యూటీకి వెళ్ళగానే పక్కింటి అక్క వచ్చి గంజి కాచేది, అమ్మ మంచం పక్కన కూర్చుని నాకు చదివి వినిపించేది. ఆమె దగ్గర అట్ట నలిగిపోయిన తెలుగు పుస్తకం ఒకటుండేది. ఎవరో పాతకాలపు రష్యన్ రచయిత కథలు. వాటిలో ఎవరికీ కోరుకున్నది దొరకదు. టీ తాగుతూ మాట్లాడుకుంటారు, అంతే. నాకు మహా విసుగు.

అందుకే ఒకరోజు అక్క కథలు పక్కన పెట్టి, ఆయన గురించే చెప్పింది.

"ఆయన డాక్టరు గూడ. మీ అమ్మ లెక్కనే ఊపిరితిత్తుల జబ్బుండె. ఆడ మస్తు చలి. అందుకే వెచ్చటి సముద్రం ఒడ్డుకు పోయిండు. ఇల్లు కట్టుకున్నడు, చేతులార చెట్లు పెట్టిండు."

అక్కడితో ఆపి, పొయ్యి మీద పాలు చూడాలంటూ లేచింది.

నా సంతోషానికి హద్దుల్లేవు. దుఖాన్ కంటే వెచ్చటి చోటు ఎక్కడుంది? సముద్రమూ ఉంది. ఇక కావలసినవి చెట్లే. తిన్న ఖర్జూరాల గింజలన్నీ అమ్మ కిటికీ కింద ఇసుకలో పాతి, బియ్యం కడిగిన నీళ్ళు పోసేదాన్ని.

మొదటి గింజ మొలిచేసరికి అమ్మ లేదు.

ఆ మొలకను పీకబోతే అక్క చెయ్యి పట్టుకుంది. మరి ఆ రచయిత ఏమయ్యాడని నిలదీశాను.

"ఆయన గూడ పోయిండు చెల్లె. ముందే చెప్తే నువ్వు గింజలు పెడుతుంటివా? నువ్వు నీళ్ళు పోస్తుంటే మీ అమ్మ కిటికీల నుంచి చూసి నవ్వుతుండె."

చాలా ఏళ్ళు ఆమె మీద కోపం పోలేదు. అక్క ఆ దేశం వదిలి వెళ్ళేటప్పుడు తన పుస్తకం నా చేతిలో పెడితే కనీసం ముఖం ఎత్తి చూడలేదు.

ఇప్పుడు అదే దేశంలో, నగరంలోని అల్ హిలాల్ పేటలో కూతురింట్లో ఉంటున్నాను. నా కూతురు మంచం పట్టింది. డాక్టర్లు చెప్పాల్సింది చెప్పేశారు. దేవుడికి మొక్కే ఓపిక కూడా నాలో మిగల్లేదు. అమ్మకు తగ్గుతుందా అని మనవరాలు అడిగితే, ఆ పుస్తకం చూపించాను. సముద్రం, ఇల్లు, చెట్లు. అక్కడ ఆపాను.

మర్నాడు మళ్ళీ చెప్పమంది. నేను నోరు తెరిచేలోగా, తల వంచుకునే అంది.

"ఫోన్‌లో చూశాను అమ్మమ్మా. ఆయన చనిపోయాడు. నువ్వు మాత్రం చెట్ల దాకే చెప్పు."

రోజూ అంతవరకే చెబుతున్నాను. చెప్పి, పాలు చూడాలంటూ లేచి వంటింట్లోకి వెళ్తాను. పొయ్యి మీద పాలుండవు. ఆనాడు అక్క పొయ్యి మీద కూడా ఉండి ఉండవు.